ప్రతి ఆదివారం ఆడే కాగితం కోట నాలుగు వారాలకే నలిగిపోయింది, గట్టిగా నిలబడాలంటే ఏం చేయాలి?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నాకు కర్నూలు పాత బస్తీలో మెడికల్ షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక షట్టరు దించేసి, మేడ మీది గదిలో ఏడుగురం కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు అందులో పాత్రలై పాచికలేసి ఆడే ఆట. రూల్సు ఆ ఇంగ్లీషు పుస్తకాలవే, కథ మాత్రం మాది. గండికోట లాంటి ఒక కోట, కింద పెన్న కోసుకుపోయిన లోయ, ధాన్యపు కొట్టులో దాక్కున్న ఒక ముసలి రాక్షసి. కథ నడిపేది నేను. ఆడేది ఒక జూనియర్ కాలేజీ లెక్చరరు, ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు, మా బామ్మర్ది, వాళ్ళావిడ, తొమ్మిదో తరగతి చదివే మా పాప.

మొదట్లో చార్టు పేపరు మీద అంగుళం గడులు గీసి ఆడేవాళ్ళం. ఒక గడి అంటే ఆటలో ఐదడుగులు. మనుషుల బదులు దగ్గు మందు సీసాల మూతలు పెట్టుకున్నాం. 25 మిల్లీమీటర్ల అల్యూమినియం మూత అంగుళం గడిలో అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. క్యారమ్ కాయిన్లు కూడా చూశాం గానీ అవి గడి దాటి పక్కోడి గడిలోకి పోతున్నాయి, దాంతో రోజూ తగాదా.

ఉగాదికి ముందు పాప పట్టుబట్టి కోట పీడీఎఫ్‌లు కొనిపించింది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. 220 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అనే లెక్క) కార్డు మీద ప్రింట్లు తీసి, రాత్రి పది తర్వాత షాపు మూసొచ్చి, తండ్రీ కూతుళ్ళం మూడు వారాలు కత్తిరించాం, అతికించాం. రెండు గుండ్రటి బురుజులు, నాలుగు గోడలు, ఒక పెద్ద దర్వాజా, ఎనిమిది ఇళ్ళు, నేల పలకలు ఇరవై నాలుగు. మొదటి ఆదివారం బల్ల మీద పరిచినప్పుడు లెక్చరరు గారు ఐదు నిమిషాలు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకుండా ఉండడం అంటే మామూలు విషయం కాదు.

ఇప్పుడు నాలుగు ఆదివారాలు అయింది. పరిస్థితి ఇదీ.

బురుజు పైన పళ్ళు (బాణాలేసే సందుల మధ్య నిలబడే ముక్కలు) సగం ముందుకు వాలాయి, సగం నలిగాయి. మడతల దగ్గర రంగు పోయి తెల్లటి గీతలు తేలాయి. గోడ రాతి రంగులో ఉంటుంది, అంచు మాత్రం పాల మీగడ తెలుపు. నేల పలకలు అప్పడాల్లా నాలుగు మూలలా లేచాయి. దీనికి కారణం నాకు తెలుసు. ఇక్కడ ఏప్రిల్లోనే 42 డిగ్రీలు, కూలర్ లేకుండా మేడ మీద కూర్చోలేం. కూలర్ వేస్తే గదంతా తేమ, పలకలు లేస్తాయి. ఆపి ఫ్యాను వేస్తే ఇళ్ళు ఎగిరిపోతాయి. పోయిన వారం రాక్షసితో యుద్ధం నడుస్తుండగా కంసాలి ఇల్లు గాల్లో లేచి మా బామ్మర్ది టీ గ్లాసులో పడింది.

వీటన్నిటికీ విరుగుడుగా నేను చేసిన పని ఇంకా ఘోరం. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి పైన పూత వేస్తే ప్లాస్టిక్‌లా గట్టిపడుతుందని ఎక్కడో విని, దర్వాజా మీద బ్రష్షుతో వేశాను. ఆకాశం నీలం మొత్తం కారి చెక్క తలుపుల్లోకి దిగింది. పాప ఏమీ అనలేదు. ఆ ముక్క తీసుకెళ్ళి తన పుస్తకాల మధ్య పెట్టుకుంది, అదే ఎక్కువ బాధగా ఉంది.

పైన ఏ పూత వేస్తే ఇది కనీసం ఒక ఏడాది ప్రతి వారం వాడుకోవడానికి నిలుస్తుంది? కర్నూల్లో దొరికేదే చెప్పండి.


పెన్సిల్_పులి (అనంతపురం)

అన్నా, ఇంక్‌జెట్ మీద నీళ్ళతో కూడిన పూత ఏదీ నేరుగా వేయకూడదు. ఆ రంగుల్లో చాలావరకు నీళ్ళలో కరిగేవే. ముందు స్ప్రేతో కప్పెయ్యాలి. బండ్లకు కొట్టే క్లియర్ స్ప్రే డబ్బా ఉంటుంది, మెరవని రకం అడుగు. అడుగు దూరం నుంచి కొట్టు. డబ్బా నొక్కడం ముక్క బయట మొదలుపెట్టి, చెయ్యి ముక్క మీదుగా పోనిచ్చి, అవతల బయటే వదిలెయ్యి. ముక్క మీదే నొక్కి ఆపితే అక్కడ చుక్కలు చుక్కలుగా పడతాయి. పల్చగా మూడు సార్లు, మధ్యలో పావుగంట ఆరనివ్వు. ఒకేసారి తడిసేలా కొడితే కాగితం స్ప్రే తాగేసి నూనె పడిన పేపర్‌లా మచ్చ కడుతుంది.

ఇంకో రెండు మాటలు. వాన ముసురులో కొట్టొద్దు, పొగమంచు పట్టినట్టు తెల్లగా అవుతుంది. థర్మోకోల్ గానీ, లోపల థర్మోకోల్ లాంటి నురగ ఉండే ఫోమ్ బోర్డు గానీ దగ్గర పెట్టొద్దు. నేను హాస్టల్లో ఒక గుడి గోపురం మొత్తం థర్మోకోల్‌తో చేసి స్ప్రే కొట్టాను. రెండు నిమిషాల్లో గోపురం చెదలు తిన్న దుంగలా అయింది. మా రూమ్మేట్ ఇప్పటికీ ఫోటో పంపిస్తుంటాడు.


నేనొక్కడే

కాగితం ఎప్పటికైనా కాగితమే. ఒక త్రీడీ ప్రింటర్ కొనుక్కోండి, గొడవ వదిలిపోతుంది.


హంద్రీ_ఒడ్డు

ప్రింటర్ కొంటే గొడవ మా ఆవిడతో మొదలవుతుంది సార్. పైగా కత్తెర పట్టుకుని పాప నా పక్కన కూర్చునేది ఈ పని ఉన్నప్పుడే. కాగితం దగ్గరే ఉందాం.

@పెన్సిల్_పులి తమ్ముడూ, థర్మోకోల్ మాట ముందే చెప్పి బతికించావు. ఇన్సులిన్ వచ్చే థర్మోకోల్ పెట్టెలు షాపులో బోలెడు, వాటితో కొండ చేద్దామనే అనుకుంటున్నా.


బైండింగు_తాత (కడప)

బాబూ, నేను కడపలో చాలా ఏండ్లు బైండింగు పని చేసినోడిని. ఇప్పుడు చూపు ఆనక మానుకున్నాను. మీ ఆట నాకు తెలీదు, మా మనవడు మీరు రాసింది చదివి వినిపించినాడు, నేను చెప్తుంటే వాడే కొడుతున్నాడు. కాగితం సంగతి అయితే నాకు కొంచెం తెలుసు.

ఒక మాట అడుగుతా. మీ షాపులో అరువు ఖాతా పుస్తకం ఉంటుంది గదా. రోజుకు ఇరవై సార్లు తీస్తారు, ధబీమని వేస్తారు, దాని మీద గ్లాసు పెడతారు. అయినా ఏండ్లు నిలుస్తుంది. దానికి ఎవరన్నా వార్నీషు కొట్టినారా? లేదు. లోపల అట్ట ఉంది, మూలలకు గుడ్డ ఉంది, తెరిచి మూసే కీలు కాడ గుడ్డ ఉంది. మీరు పూత గురించి అడుగుతున్నారు. మీ బురుజు పండ్లు వాలింది పూత లేక కాదు. అక్కడ ఒంటి పొర కాగితం ఒంటరిగా నిలబడుంది, దాన్నే వేలితో పట్టుకుని లేపుతున్నారు. దానికి వెన్ను లేదు.

కాబట్టి ముందు వెన్ను చేయండి. స్టేషనరీ హోల్‌సేల్ షాపులో గ్రే బోర్డు అని అడగండి, ఒకటిన్నర మిల్లీమీటర్లది. గోడలకూ నేల పలకలకూ అదే చాలు. మీ ప్రింటు దానికి ముందు వైపు అతికించి వదిలేస్తే మళ్ళీ అప్పడమే. ఎందుకంటే జిగురు తడికి కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టను తన వైపుకు గుంజుకుంటుంది. వెనక వైపు కూడా అంతే మందం కాగితం అతికించాల. అప్పుడు రెండూ రెండు వైపులా గుంజి, అట్ట మధ్యలో కదలకుండా నిలబడుతుంది. బండికి రెండు ఎద్దులు కట్టినట్టు. ఒక్క ఎద్దును కడితే బండి ఏ పక్కకు పోతుందో మీకే తెలుసు.

ఇంకోటి, కాగితానికి నార ఉంటుంది. చెక్కకు ఉన్నట్టే. ఒక ముక్క తీసుకుని అటోసారి ఇటోసారి మెల్లగా వంచి చూడండి, ఒక దిక్కు సులువుగా వంగుతుంది. ఆ వంపు గీత ఎటు పోతుందో నార కూడా అటే. ఇంకా అనుమానం ఉంటే ఒక వైపు తడి గుడ్డతో అద్దండి, కాగితం గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు దిక్కే నార. అట్ట నార, ముందు కాగితం నార, వెనక కాగితం నార మూడూ ఒకే దిక్కున ఉండాల. మడత కూడా నార వెంబడి వస్తే కత్తితో గీసినట్టు వస్తుంది, నారకు అడ్డంగా వస్తే పగులుతుంది. మీ తెల్ల గీతల్లో సగం ఈ కారణానికే వచ్చుంటాయి.

మిగతా సగం బ్లేడుకు వచ్చుంటాయి. మడవబోయే చోట బ్లేడుతో పైపైన గీరినారా? చాలామంది అదే చేస్తారు. గీరితే నార సగం తెగిపోతుంది, మిగిలిన సగం ఎన్నాళ్ళు మోస్తుంది? ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను తీసుకోండి. స్కేలు ఆనించి గట్టిగా ఒత్తి ఒక గీత లాగండి. నార తెగదు, అణుగుతుంది. మడిచినాక లోపలి వైపు వేలెడు వెడల్పు పాత పంచె గుడ్డ పీలిక అతికించండి, మూల మూలకూ. బజార్లో కాలికో, అదే బైండింగు గుడ్డ, దొరికితే మంచిదే, పంచె అయినా ఏమీ తక్కువ కాదు.

అతికించినాక బరువు పెట్టాల. మా ఇంట్లో అయితే కింద ఒక కడప బండ, పైన ఒక కడప బండ, మధ్యలో పని. మీ దిక్కు బేతంచెర్ల బండలు ఉంటాయి గదా, అవైనా సరే. బండకూ పనికీ మధ్య తెల్ల కాగితాలు వేయండి. న్యూస్‌పేపర్ వేస్తే అందులో అక్షరాలు మీ కోట గోడ మీద తిరగబడి అచ్చవుతాయి. అరగంటకోసారి తీసి, తడి పీల్చిన కాగితాలు మార్చి, మళ్ళీ బరువు పెట్టి తెల్లారేదాకా వదిలేయండి. ఈ తెల్లారేదాకా అనే కాడే అందరికీ తొందర.

అంచుల తెలుపు పోవాలంటే కత్తిరించిన వెంటనే, అతికించకముందే రంగు వేయండి. పిల్లల స్కెచ్ పెన్నులు వద్దు, అవి తడికి కారతాయి. పర్మనెంటు మార్కరు గానీ అక్రిలిక్ రంగు గానీ. అది ఆరినాక వేలి కొసన కొంచెం ఫెవికాల్ తీసుకుని అంచు పొడుగునా రుద్దండి. పూత వేసినట్టు కాదు, రుద్దాల. పొరలు విచ్చుకోకుండా అతుక్కుపోతాయి. అట్ట ఎప్పుడూ అంచు నుంచే చస్తుంది.

జిగురు మా కాలంలో మైదాతో కాచేవాళ్ళం. ఒక గ్లాసు మైదాకు ఐదారు గ్లాసుల నీళ్ళు, ఉండ కట్టకుండా కలిపి, సన్నటి మంట మీద గాజు రంగు వచ్చేదాకా. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. ఎక్కువ వెడల్పు కాగితానికి ఇప్పటికీ అదే నయం, ఫెవికాల్ అయితే ఈ మూల పూసి ఆ మూలకు పోయేలోపే పట్టేసుకుంటుంది.


హంద్రీ_ఒడ్డు

తాతగారూ, ఇది చదివి షాపులోనే లేచి నిలబడ్డాను. ఖాతా పుస్తకం నిజంగానే ఎదురుగా ఉంది.

ఒక అనుమానం. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటే కదా. అది విషం. మా పాప చేతులు నోట్లో పెట్టుకునే వయసు దాటింది గానీ, బామ్మర్ది మిక్చరు తింటూ అదే చేత్తో గోడలు జరుపుతాడు. అది లేకుండా కాస్తే ఏమవుతుంది?


బైండింగు_తాత (కడప)

మూడో రోజుకు పులుస్తుంది, వానాకాలంలో బూజు, ఆమీద పురుగు. మీకు వద్దనుకుంటే ఏ పూటకాపూట కాచుకోండి, పని అయినాక పూర్తిగా ఆరబెట్టండి. లేదా ఫెవికాల్‌లోనే నాలుగో వంతు నీళ్ళు కలిపి, గట్టి కార్డు ముక్కతో గీకినట్టు గబగబా పరచండి. తినేవాడి చేతి కాడ విషం ఎందుకు. పనోళ్ళం మేమే పని అయినాక సబ్బుతో చేతులు కడిగేవాళ్ళం.


ఫ్లెక్సు_పనోడు (గుత్తి)

తాత చెప్పింది కరెక్టు, నేను ఇంకో దారి చెప్తా. నేల పలకలకు అంత కష్టం అక్కర్లేదప్పా. మా దగ్గర 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు (బోర్డులకు వాడే తేలికపాటి ప్లాస్టిక్ పలక) ముక్కలు మూలన పడుంటాయి. ఎవరైనా ఎన్నికల్లో పోటీ చేస్తే చాలు, గుట్టలు గుట్టలు. మీ ఊర్లో ఏ ఫ్లెక్సు షాపులో అడిగినా పారేసేవి ఇస్తారు. పీడీఎఫ్ ఇస్తే స్టిక్కర్ మీద ప్రింట్ తీసి, పైన మ్యాట్ లామినేషన్ వేసి, బోర్డు మీద అతికించి ఇస్తాం. నీళ్ళు పడ్డా తుడుచుకోవచ్చు, కూలర్ గాలికి లేవదు. ఎండలో కారులో మాత్రం వదిలేయొద్దు, వంగిపోతుంది. ఇది మడత పడదు కాబట్టి ఇళ్ళకూ బురుజులకూ పనికిరాదు, నేలకు మాత్రమే.

ఇళ్ళకైతే పెండ్లి పత్రికలు కొట్టే ప్రెస్సులో 300 జీఎస్ఎం మీద లేజర్ ప్రింట్ తీయించుకోండి. లేజర్ అంటే కాగితం మీద వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి, నీళ్ళకు కారదు. కానీ మడతలో పెళుసుగా పగులుతుంది, అందుకే తాత చెప్పిన గీత తప్పనిసరి. పత్రికలకు వేసినట్టు మ్యాట్ లామినేషన్ కూడా వేయించుకోవచ్చు, పగుళ్ళు చాలా తగ్గుతాయి. అయితే లామినేషన్ మీద ఫెవికాల్ పట్టదు. అతికించే చెవుల మీద ఉప్పు కాగితంతో గీకి, ఫెవిబాండ్ లాంటి రబ్బరు జిగురు వాడాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, మొత్తం అతికించాక నాలుగో రోజు పొద్దున చూస్తే ఇల్లు పువ్వులా విచ్చుకుని ఉంటుంది.

లేజర్ ప్రింట్లను పీవీసీ కవర్లలో దాయొద్దు. టోనరు కవరుకు అతుక్కుని ఊడొస్తుంది. పాత జిరాక్సులు ఫైల్లోంచి తీస్తే అక్షరాలు కవరు మీద ఉంటాయి చూడండి, అదే.


మగ్గం_సందు (ధర్మవరం)

మా పక్కనే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు, 2020 పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది అదే. చిన్నప్పటి నుంచి ఆ బొమ్మలు చూస్తున్నాను. మేకతోలు పల్చగా గీకి, రంగులద్ది, చేతులూ కాళ్ళూ విడివిడిగా చేసి దారంతో ముడేస్తారు. ఆడించేటప్పుడు లాగుడంతా ఆ ముడి మీద పడుతుంది, తోలు మీద పడదు. ముడి తెగితే మళ్ళీ వేసుకోవచ్చు. ఆట అయ్యాక బొమ్మ పలకలా పడుకుంటుంది.

మీ ఇళ్ళు కూడా అలా పలకలా పడుకునేట్టు చేస్తే? నాలుగు గోడలు గుడ్డ కీళ్ళతో కలిపి, కప్పు విడిగా. పని అయ్యాక మడిచేయడమే. నా అనుమానం, మీ కోట బల్ల మీద కన్నా పెట్టెలోనే ఎక్కువ నలుగుతోంది. ఒకదాని మీద ఒకటి ఎలా సర్దుతున్నారు?


హంద్రీ_ఒడ్డు

గ్లూకోజు సీసాలొచ్చే అట్టపెట్టెలో, ఎలా పడితే అలా. మీరడిగాక పాపను అడిగాను. బురుజు పండ్లు వాలింది ఆటలో కాదట, పెట్టె మూత నొక్కినప్పుడట. తనకు మొదటి వారం నుంచీ తెలుసట. అడగలేదు కాబట్టి చెప్పలేదట.


హంద్రీ_ఒడ్డు (రెండు నెలల తర్వాత)

అడిగి వదిలేశాడు అనుకుంటారని రాస్తున్నాను. జులై వచ్చింది, కోట రెండోసారి కట్టాం, తొమ్మిది ఆదివారాలు ఆడాం.

మొదట ఇంకు సంగతి. అందరూ కారే రంగు, కారని రంగు అంటుంటే నాకొకటి గుర్తొచ్చింది. 2009 అక్టోబరు వరదలో మా షాపులో నీళ్ళు నా భుజాల దాకా వచ్చాయి. తర్వాత బురదలోంచి బిల్లు పుస్తకాలు తీసి మిద్దె మీద ఆరేస్తే, ఇంకు పెన్నుతో రాసిన పేజీలు లేత నీలం గుడ్డల్లా ఉన్నాయి, అక్షరం లేదు. కింద కార్బన్ కాపీలు మాత్రం చక్కగా చదవడానికొచ్చాయి. అరువులు వాటితోనే వసూలు చేసుకున్నాం. ఇంత చూసినవాణ్ణి ఇంక్‌జెట్ మీద నీళ్ళు పూశాను. సరే. ఈసారి ఇళ్ళూ గోడలూ లేజర్‌లోనే తీయించాను.

గోడలకు తాతగారి పద్ధతే. గ్రే బోర్డు, ముందూ వెనకా కాగితం, మూడు నార్లూ ఒక దిక్కు. బేతంచెర్ల బండ ముక్కలు రెండు, వంటింట్లో గట్టు వేసినప్పుడు మిగిలినవి మిద్దె మీద ఉన్నాయి. మొదటి గోడకు తొందరపడి రాత్రి పదకొండుకు పెట్టి ఒంటిగంటకు తీశాను, చేతిలోనే వంగడం మొదలైంది. మళ్ళీ తడిపి అతికించాల్సి వచ్చింది. రెండో గోడ నుంచి తెల్లారేదాకా ముట్టుకోలేదు. ఆ గోడలు ఇప్పుడు కూలర్ ముందే పెట్టినా కదలడం లేదు. వెనక కాగితం తెల్లగా వదలకుండా పాప అక్కడ కూడా రాళ్ళు గీసింది, గోడ అవతల కూర్చున్నవాళ్ళకూ కోటే కనిపిస్తుంది ఇప్పుడు.

మైదా జిగురు ఒక్కసారి కాచాను, మైలుతుత్తం లేకుండా. నిజం చెప్పాలంటే పెద్ద కాగితాలకు ఫెవికాల్ కంటే ఇదే బాగుంది, పక్కకు జరిపి సరిచేసుకోవడానికి వీలుంటుంది. కానీ మిగిలింది గిన్నెలో మర్చిపోయి, మూడో రోజు మా ఆవిడ ఆ గిన్నె నా చేతికిచ్చి ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది. ఇప్పుడు ఫెవికాలే.

నేల పలకలు సన్‌బోర్డు. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్ప. టీ పడింది, తుడిచాం, ఆడాం.

స్ప్రే మాత్రం నాకు సగమే కలిసొచ్చింది. పాత ఇంక్‌జెట్ ఇళ్ళు నాలుగు పారేయలేక వాటి మీద కొట్టాను. రంగు నిలిచింది, తడి వేలు తగిలినా పోవడం లేదు. కానీ ఇంకా గట్టిగా ఉంటుందని ఆ పైన అక్రిలిక్ వార్నీషు రెండు పూతలు వేశాను, అది అనవసరంగా చేసిన పని. మే నెలలో మేడ గదిలో పెట్టెలో ఉంచితే వాటిలో రెండు ఇళ్ళు గోడకు గోడ అతుక్కున్నాయి. ఊడదీస్తే ఒకదాని కిటికీ ఇంకోదాని మీదకు వచ్చింది. అక్రిలిక్ వేడికి మెత్తబడి జిగటగా అవుతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు వాటి మీద పిల్లల పౌడరు పల్చగా అద్ది, మధ్య బటర్ పేపర్ పెడుతున్నాను. మన ఎండకు వార్నీషు తక్కువైతేనే మేలు.

ఎగిరిపోయే ఇళ్ళకు అడుగున గ్రే బోర్డు పలక వేసి, దాని లోపలి వైపు మూలల్లో ఇనుప వాషర్లు అతికించాను, ఇంటికి నాలుగు. ఫ్యాను ఐదు మీద పెట్టినా కదలవు. పైగా చేత్తో ఎత్తేటప్పుడు బరువు తెలిసి, జనం వాళ్ళంతట వాళ్ళే గోడ పట్టుకోవడం మానేసి అడుగు పలక పట్టుకుంటున్నారు. ఇది నేను అనుకుని చేసింది కాదు. ఎవరికీ చెప్పకుండానే అలవాటు మారిపోయింది. బామ్మర్దితో సహా.

ధర్మవరం అన్నగారి మాట అన్నిటికంటే పెద్దది. ఇళ్ళన్నీ గుడ్డ కీళ్ళతో మడిచేవిగా మార్చాం, మా నాన్న పాత పంచె ఒకటి పూర్తిగా అయిపోయింది. ఎనిమిది ఇళ్ళు కలిపి ఇప్పుడు ఒక లావుపాటి పుస్తకమంత. సన్‌బోర్డు పలకలు అడుగున, గోడలు నిలువుగా, పైన ఇళ్ళు, మూత తగలకుండా రెండు వేళ్ళ ఖాళీ. మాత్రల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఒక గుప్పెడు వేశాను, షాపులో వాటికి కరువా. లెక్చరరు గారు పెట్టె మూత మీద చాక్‌పీసుతో "నొక్కరాదు" అని రాశారు.

ఒక్కటే మిగిలింది. గుండ్రటి బురుజులు. గ్రే బోర్డు వంచితే అడ్డంగా విరుగుతోంది, ఒంటి పొర కాగితంతో చేస్తే మళ్ళీ మొదటి కథే. తాతగారూ, గుండ్రం దానికి వెన్ను ఎలా?


బైండింగు_తాత (కడప)

గుండ్రానికి మందం అట్ట వద్దు. పల్చటి కార్డు మూడు నాలుగు చుట్లు చుట్టుకుంటూ అతికించుకుంటూ పోవాల, నార నిలువుగా ఉండేట్టు. ఒక్కో చుట్టు మొదలయ్యే చోటు కిందటి చుట్టు అతుకు మీద పడకూడదు. పండ్లు అన్ని చుట్లూ ఆరి గట్టిపడినాక ఒకేసారి కొయ్యండి, ముందే కోస్తే ఒకదాని మీద ఒకటి కూర్చోవు. చుట్టేటప్పుడు లోపల ఏదన్నా గుండ్రటి దిమ్మ ఉండాల.


ఫ్లెక్సు_పనోడు (గుత్తి)

దిమ్మ ఎందుకు తాతా, 110 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్క కోసి లోపలే ఉంచేయమను. ప్లంబరు దగ్గర అడిగితే ఊరికే ఇస్తాడు. పైపు మీద ఉప్పు కాగితంతో గీకి రబ్బరు జిగురు. మీ లెక్చరరు దాని మీద కూర్చున్నా ఏమీ కాదు.


హంద్రీ_ఒడ్డు

ప్లంబరు దాకా పోనక్కర్లేదు, ట్యాంకు పక్కన అడుగున్నర ముక్క పడుంది. ఇప్పుడే కొలిచాను. పైపు చుట్టూ 34.5 సెంటీమీటర్లు, బురుజు ప్రింటు 34. అర సెంటీమీటరు తక్కువ. ప్రింటు కొంచెం పెద్దది చేసి తీయిద్దామంటే పాప ఒప్పుకోవడం లేదు. ఆ సందులో రంగులతో రావి మొక్క ఒకటి మొలిపిస్తుందట, పాత బురుజులన్నిటికీ ఉంటాయి కదా నాన్నా అంటోంది. ఉప్పు కాగితం తేవడానికి వెళ్తున్నాను.